బడి కయ్యలోకొస్తే కాదనకండి

పిల్లలకు పాఠం, మీకు లెక్క: కొడవలూరు రైతులకు ఒక మాట

"చదవేస్తే ఉన్న మతి పోయిందట" అని సామెత. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయినో అమ్మాయినో గెనిమ మీద నిలబెట్టి, "ఇందులో వరేది, ఊదేది?" అని అడిగి చూడండి. చాలా ఇళ్లలో జవాబు రాదు. అదే బిడ్డ సైన్సు పుస్తకంలో ఏకదళబీజాల గురించి అరపేజీ గడగడా అప్పజెబుతుంది. శాతాల లెక్కల్లో పదికి పది తెచ్చుకుంటుంది. కాటా దగ్గర తేమ పేరు చెప్పి ఎన్ని కిలోలు కోసుకోవడం న్యాయమో మాత్రం మీకు లెక్క కట్టి చెప్పలేదు. తప్పు బిడ్డది కాదు. అయ్యవారిదీ కాదు. బడిలో చెప్పేది బడిలోనే ఆగిపోతోంది, కయ్యలో జరిగేది కయ్యలోనే ఉండిపోతోంది.

ఈ రెంటినీ కలిపే పద్ధతి ఒకటుంది. హైస్కూలు పిల్లల్ని నోటుబుక్కు, టేపు, త్రాసు ఇచ్చి ఊరి పొలానికి తీసుకెళ్లడం. అక్కడ ఒకే కయ్య దగ్గర సైన్సు, లెక్కలు, సాంఘికం, తెలుగు నాలుగూ కలిపి నేర్పడం. దీన్ని విహారయాత్ర అనుకోకండి, కూలిపని అంతకన్నా కాదు. కొడవలూరు చుట్టుపక్కల ఎకరం, రెండెకరాలు చేసుకునే మీకు ఇందులో ఏం పని అంటారా? రెండు పనులున్నాయి. ఒకటి, కయ్య ఇవ్వాల్సింది మీరే. రెండు, పిల్లలు కొలిచిన కొలతలు సరిగ్గా రాసుకుంటే ముందుగా లాభపడేదీ మీరే.

కొత్త మాటేం కాదు

మన జిల్లాలో పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమం ఉంది కదా. 1921 ఏప్రిల్ 7న దాన్ని ప్రారంభించిన గాంధీజీయే 1937లో వార్ధా సభలో 'నయీ తాలీం' అనే చదువుల పద్ధతిని దేశం ముందు పెట్టారు. చేతిపని, చుట్టూ ఉన్న పల్లె, పొలం, వీటి ద్వారానే లెక్కలూ సైన్సూ చెప్పాలన్నది అందులో ముఖ్యమైన మాట.

దూరదేశంలోనూ ఇదే జరిగింది. అమెరికాలో ఒహైయో రాష్ట్రంలో 1902లో ఎ.బి. గ్రాహం అనే బళ్ల పర్యవేక్షకుడు పల్లె పిల్లల్ని కూడగట్టి సంఘం పెట్టాడు. పిల్లలు లిట్మస్ కాగితంతో తమ పొలాల మట్టి పరీక్షించారు, మేలైన మొక్కజొన్న విత్తనం చిన్న మడుల్లో వేసి చూశారు. తర్వాత అలాంటి సంఘాలు ఆ దేశమంతా పాకాయి. యూనివర్సిటీ వాళ్లు చెబితే వినని పెద్దలు, తమ పిల్లల మడిలో కంకి చూసి విన్నారు. మన ఊళ్లో అయినా అంతే కదా. ఆఫీసరు చెబితే "సరేలే" అంటాం, మన బిడ్డ కొలిచి చూపిస్తే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాం.

ఇక చట్టం, పుస్తకం సంగతి. పర్యావరణ విద్య బళ్లలో తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది, 2003లో దాన్ని గట్టిచేసింది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెసులో పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, తిరిగి, కొలిచి, రాసి చూపించాలి. మన ఎనిమిదో తరగతి పాత సైన్సు పుస్తకంలో మొక్కల నుంచి ఆహారోత్పత్తి అని పాఠమే ఉండేది. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలకు పది రోజులు సంచీ లేకుండా బయట నేర్చుకునే వీలుండాలని చెప్పింది. కేంద్రం కొన్ని కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లో మట్టి పరీక్షల ల్యాబులు పెట్టి, పిల్లల చేతే నమూనాలు తీయించి, పరీక్ష చేయించి, రైతుకు సాయిల్ హెల్త్ కార్డు ఇప్పించే పథకం మొదలుపెట్టింది. తర్వాత దాన్ని వెయ్యికి పైగా బళ్లకు పెంచింది.

కాబట్టి హెడ్మాస్టరు గారు "పిల్లల్ని మీ కయ్యకు తీసుకురావచ్చా?" అని అడిగితే, ఆయన సిలబస్ ఎగ్గొట్టడం లేదు. సిలబస్‌లో ఉన్నదే చేస్తున్నారు. ఆయన అడక్కపోతే మీరే వెళ్లి అడగండి.

మొదటి పాఠం: వాన ఎంత, నీళ్లు ఎన్ని

మన నెల్లూరు సీమకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. నారు పోసేదీ, నాట్లు వేసేదీ ఆ రోజుల్లోనే. "బాగా పడింది", "ఓ మోస్తరుగా పడింది" అనుకుంటాం గానీ ఎంత పడిందో మనకు తెలీదు. మండలంలో కొలిచిన వాన మీ ఊళ్లో పడకపోవచ్చు కూడా.

పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉండే డబ్బా ఒకటి చాలు. చెట్టుకూ గోడకూ దూరంగా, కదలకుండా పెట్టి, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లలో రాసుకోవాలి. వాతావరణ శాఖ వాళ్లు కొలిచే వేళా అదే. ఒక్క మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే 4,047 లీటర్ల నీళ్లు. 25 మిల్లీమీటర్లు పడితే లక్ష లీటర్లు దాటినట్టే. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు రెండు నిమిషాల్లో వేస్తారు. మీకేం ఉపయోగం? మోటారు వేయాలా, రెండ్రోజులు ఆగాలా అన్నది ఆ అంకె చెబుతుంది. ఊళ్లో మూడు చోట్ల మూడు డబ్బాలు పెడితే, తూర్పు కయ్యలకూ పడమటి కయ్యలకూ ఎంత తేడా పడిందో తెలుస్తుంది.

ఇది పెద్దలు చేసి చూపించిన పనే. 2003 నుంచి కొన్నేళ్లపాటు మన పక్కనున్న ప్రకాశం సహా ఏడు జిల్లాల్లో, ఆరు వందల పైచిలుకు పల్లెల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే వానా, బోర్లలో నీటిమట్టం కొలిచి రాసుకున్నారు. ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో ఊరంతా కూర్చుని లెక్క కట్టుకున్నారు. పెద్దగా చదువుకోని వాళ్లు చేసిన పని మన హైస్కూలు పిల్లలు చేయలేరా?

కాలువ నీళ్లకూ ఇట్టాంటి లెక్కే ఉంది. సంగం దగ్గర మళ్లిన పెన్న నీళ్లు కనిగిరి రిజర్వాయరు మీదుగా మన వైపుకొస్తాయి. మీ పంటకాలువలో ఎంత పారుతోందో తెలుసుకోవాలంటే పది మీటర్ల దూరం గుర్తు పెట్టుకుని, ఒక బెండు ముక్క వదిలి, గడియారం చూడాలి. కాలువ వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 20 సెంటీమీటర్లు, బెండు పది మీటర్లు పోవడానికి 25 సెకన్లు పట్టిందనుకోండి. పైన నీరు వేగంగా, అడుగున నిదానంగా పోతుంది కాబట్టి వచ్చినదాన్ని 0.85తో హెచ్చించాలి. సెకనుకు దాదాపు 41 లీటర్లు వస్తుంది. గంటసేపు పారితే ఎకరం కయ్యలో ఒకటిన్నర అంగుళం నీళ్లు నిలిచినట్టు. వంతులవారీగా నీళ్లు పెట్టుకునే చోట, ఎవరికి ఎంత అందిందన్న తగాదా వచ్చినప్పుడు ఈ అంకె మాటల కంటే బాగా పనికొస్తుంది.

సముద్రం వైపు కయ్యలున్న వాళ్లకు ఇంకో పాఠం ఉంది. రొయ్యల గుంటలు దగ్గర్లో ఉంటే బోరు నీళ్ల ఉప్పు చూసుకుంటూ ఉండాలి. సాయిల్ హెల్త్ కార్డు మీద 'ఇ.సి.' అని ఒక గడి ఉంటుంది చూడండి. అది నేలలో ఉప్పును చెప్పే అంకె. ప్రయోగశాలలో చిక్కటి మట్టి రసం తీసి చూసినప్పుడు అది 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మీ కార్డులో అంకె ఏ పద్ధతిలో తీశారో ల్యాబు వాళ్లను అడిగి తెలుసుకోండి. బోరు నీళ్లు చూడటానికి పెన్నులాంటి చిన్న మీటరు దొరుకుతుంది. బడికి ఒకటి ఉంటే చాలు, పిల్లలు నెలకోసారి ఊరి బోర్లన్నీ చూసి పట్టిక రాయొచ్చు. ఉప్పు పెరుగుతున్న సంగతి పైరు మాడాక తెలిసేకంటే ముందే తెలిస్తే ఏదో ఒక దారి చూసుకోవచ్చు.

రెండో పాఠం: దుబ్బు తట్టి లెక్కపెట్టడం

"పక్కాయన కొట్టాడు, నేనూ కొట్టాను." మందు కొట్టడానికి మనం చెప్పే కారణాల్లో ఇదే ఎక్కువ. సుడిదోమ కనబడగానే కొట్టేయడం వల్ల ఏమవుతుందో ఇండోనేషియా రైతులు చూశారు. మందులు దోమను తినే సాలీళ్లనూ, మిరిడ్ నల్లులనూ చంపేశాయి. దోమ తిరిగి ఇంకా ఎక్కువగా వచ్చింది. 1986లో ఆ దేశ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులు నిషేధించాల్సి వచ్చింది. 1989లో రైతులు వారం వారం కయ్యలోనే కూర్చుని పురుగులు లెక్కపెట్టి నేర్చుకునే బళ్లు అక్కడ మొదలయ్యాయి. మనకు తెలిసిన 'పొలంబడి' ఆ దారిలో వచ్చిందే.

ఈ లెక్క పిల్లలకు చాలా తేలిక. వాళ్ల కళ్లు మన కళ్లకంటే చురుకు. కయ్యకు అడ్డంగా ఒక మూల నుంచి ఇంకో మూలకు నడుస్తూ ఇరవై దుబ్బులు చూడాలి. దుబ్బును పక్కకు వంచి మొదళ్ల దగ్గర తట్టితే దోమ నీళ్లలో పడుతుంది. దోమలెన్ని, సాలీళ్లెన్ని, అక్షింతల పురుగులెన్ని అని మూడు గళ్లలో రాయాలి. చివర్లో సగటు తీయాలి. సగటు అంటే ఏమిటో క్లాసులో బోర్డు మీదకంటే ఇక్కడ బాగా బోధపడుతుంది.

పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15 దోమలు, ఈనే దశలో 20 నుంచి 25 దోమలు ఉంటేనే మందు గురించి ఆలోచించాలని మన శాస్త్రవేత్తలు చెబుతారు. సగటు నాలుగే వచ్చి, సాలీళ్లు బాగా కనబడ్డాయనుకోండి. నీళ్లు తీసి కయ్య ఆరగట్టి, వారం తర్వాత మళ్లీ చూడొచ్చు. ఒక్కసారి మందు కొట్టడం తప్పిందంటే మందు డబ్బు, కూలి, పంపు బాడుగ మూడూ మిగిలినట్టే. ఎంత మిగిలిందో మీ లెక్క మీకు తెలుసు, ఆ అంకె కూడా పిల్లల నోటుబుక్కులో రాయించండి. అదే వాళ్లకు అర్థశాస్త్రం.

విత్తనం సంగతీ అంతే. నారు పోసే ముందు వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి పెట్టి, ఎన్ని మొలిచాయో పిల్లల చేత లెక్కపెట్టించండి. వరికి ఎనభై మొలవాలి. అరవయ్యే మొలిస్తే ఆ విత్తనం ఇంకా మీ చేతిలో ఉండగానే తెలిసిపోతుంది. నారుమడి పలచబడ్డాక అంగడి చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది.

మూడో పాఠం: పుట్టి లెక్క, కాటా లెక్క

దేశమంతా క్వింటాలు అంటుంటే మనం పుట్టి అంటాం. మన పుట్టి 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. 2025-26 సీజనుకు కేంద్రం ఎ గ్రేడు వడ్లకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన పుట్టికి 20,306 రూపాయల 50 పైసలు. ఎవరైనా పుట్టి ధర చెబితే దాన్ని క్వింటాలుకు మార్చి చూడటం ఆరో తరగతి లెక్కే. కానీ కళ్లం దగ్గర లారీ నిలబడి, కూలీలు తొందర పెడుతుంటే మనలో ఎంతమంది ఆ లెక్క వేస్తున్నాం?

తేమ లెక్క ఇంకా ముఖ్యం. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదు. మీ వడ్లలో 20 శాతం ఉందనుకోండి. 850 కిలోల్లో నీళ్లు పోగా మిగిలే గట్టి సరుకు 680 కిలోలు. అదే సరుకు 17 శాతం తేమతో ఉంటే తూకం 819 కిలోలు. అంటే పుట్టికి 31 కిలోలు తగ్గించడం న్యాయం. తేమ ఒక్కో శాతం ఎక్కువైనప్పుడల్లా పుట్టికి సుమారు 10 కిలోలు అని గుర్తుపెట్టుకుంటే చాలు. 18 శాతానికి 10, 19కి 20, 20కి 31, 21కి 41, 22కి 51 కిలోలు. దీన్ని ఒక అట్ట మీద రాసి కళ్లంలో కట్టుకోండి.

ఎవరైనా 20 శాతం తేమకు 50 కిలోలు తీసేస్తామన్నారనుకోండి. 19 కిలోలు అదనం. మద్దతు ధర ప్రకారం పుట్టికి దాదాపు 450 రూపాయలు. పది పుట్లకు 4,500. ఇది తొమ్మిదో తరగతి బిడ్డ అయిదు నిమిషాల్లో కాగితం మీద చూపించగల నష్టం. "దున్నేవాడు లెక్క చూస్తే నాగలి కూడా మిగలదు" అని భయపడి మనం లెక్క చూడటమే మానేశాం. చూడనంత మాత్రాన నష్టం ఆగలేదు.

దిగుబడి అంచనా కూడా పిల్లల చేత వేయించండి. పంటల బీమాకు అధికారులు చేసే పంటకోత ప్రయోగమే ఇది. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చదరం కొలిచి, అందులోని పంట కోసి, నూర్చి, తూకం వేయాలి. వచ్చిన కిలోలను 162తో హెచ్చిస్తే ఎకరం దిగుబడి. 16 కిలోలు వస్తే ఎకరానికి 2,592 కిలోలు, మూడు పుట్ల పైచిలుకు. చదరం బాగున్న చోట ఒకటి, బాగాలేని చోట ఒకటి తీసుకోవాలని పిల్లలకు చెప్పండి. బాగున్న చోటే కొలిచి సంతోషపడితే లెక్క తప్పుతుంది. కౌలుకు చేసేవాళ్లకు ఈ అంకె మరీ అవసరం. పండింది ఎంత, కౌలు పోగా మిగిలింది ఎంత అన్నది కాగితం మీద ఉంటే వచ్చే ఏడు మాట్లాడుకునేటప్పుడు పనికొస్తుంది.

కయ్య కొలతా నేర్పించండి. వంకర కయ్యను త్రిభుజాలుగా విడగొట్టి టేపుతో కొలిస్తే వైశాల్యం వస్తుంది. సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు. మన నెల్లూరు అంకణం 72 చదరపుటడుగులు, సెంటుకు ఆరు అంకణాలు, కొంచెం పైన. ఎరువు, విత్తనం, మందు మోతాదు అన్నీ ఎకరం లెక్కనే చెబుతారు. మీ ఎకరం నిజంగా ఎంతో తెలియకపోతే మోతాదు ఎట్లా కుదురుతుంది? 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలే ఉంటుందని కూడా పిల్లల చేత లెక్క కట్టించండి. మిగతాది నత్రజని కాదని తెలిస్తే బస్తాల లెక్క మాని పోషకాల లెక్క చూడటం అలవాటవుతుంది.

నాలుగో పాఠం: అవ్వ చెప్పే మాటలు

సాంఘికం, తెలుగు అయ్యవార్లకూ కయ్య దగ్గర పనుంది. మొలగొలుకులు అంటే ఒకప్పుడు నెల్లూరుకే పేరు. ఆ వడ్లు ఎట్లా ఉండేవి, అన్నం ఎట్లా ఉండేది, ఎందుకు మానేశారు అని అవ్వల్నీ తాతల్నీ అడిగి రాయమనాలి. ఎడగారు, కయ్య, గెనిమ లాంటి మాటలు పిల్లల నోట తగ్గిపోతున్నాయి. ఒక్కో మాటకు అర్థం రాసి, బొమ్మ గీసి పుస్తకం చేస్తే అదే మన ఊరి నిఘంటువు.

వరద పటం ఇంకొక మంచి పని. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. ఆ రోజు మీ కయ్యలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎన్ని రోజులు నిలిచాయి, ఏ మురుగుకాలువ పూడి ఉండటం వల్ల దిగలేదు? పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అడిగి, ఊరి పటం మీద రంగులు వేయాలి. గ్రామసభలో మురుగుకాలువ పూడిక గురించి అడిగేటప్పుడు నోటిమాట కంటే ఆ పటం గట్టిగా నిలబడుతుంది.

నాట్ల కూలికి వచ్చే అక్కల దగ్గరకూ పిల్లల్ని పంపండి. రోజుకు ఎన్ని గంటలు వంగి ఉంటారు, కూలి ఎంత, మగవాళ్లకు ఎంత, తేడా ఎందుకు అని వాళ్లనే అడగాలి. ఆ వంగిన నడుముల్లో కొందరు ఆ క్లాసు పిల్లల అమ్మలే ఉంటారు. అమ్మ చేసే పని క్లాసులో పాఠమైతే, ఆ బిడ్డ తల ఎత్తుకుని కూర్చుంటుంది.

"మా వాడికి ఈ బురద వద్దు" అంటారా?

ఈ మాట మీరు అంటారని తెలుసు. అనడంలో న్యాయమూ ఉంది. రెండెకరాలతో మీరు పడ్డ పాట్లు బిడ్డ పడకూడదనే కదా బడికి పంపుతున్నారు. పొద్దున్నే మళ్లీ పొలానికే తీసుకెళ్తామంటే కడుపు మండుతుంది.

ఒక్క సంగతి ఆలోచించండి. ఈ పాఠం బిడ్డను సేద్యంలో కట్టిపడేయడానికి కాదు. డాక్టరు కావాలన్నా, ఇంజనీరు కావాలన్నా, బ్యాంకులో గుమాస్తా కావాలన్నా కొలవడం, రాయడం, ఎందుకు అని అడగడం రావాలి. అవి కయ్య దగ్గర బాగా వస్తాయి. రేపు ఆ బిడ్డ ఆఫీసరై మన ఊరికే వస్తే, రైతు మాట అర్థం చేసుకునే ఆఫీసరు అవుతుంది. సేద్యంలోనే ఉంటే లెక్క తెలిసిన రైతు అవుతుంది. "చదువు రాకపోతే పొలం పనికి పో" అని మనమే పిల్లల్ని బెదిరిస్తున్నాం. ఆ మాట వింటూ పెరిగిన బిడ్డ మన పనిని గౌరవిస్తుందా? మనల్ని గౌరవిస్తుందా?

ఎప్పుడు, ఎట్లా?

పదో తరగతి పిల్లలకు మార్చిలో పరీక్షలు. కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతులైతే మేలు. మన పెద్ద పంట బడి క్యాలెండరుకు బాగా సరిపోతుంది.

అక్టోబరులో వాన డబ్బాలు, మొలక పరీక్ష. నవంబరు, డిసెంబరులో కయ్య కొలత, కాలువ లెక్క, నాట్ల కూలీలతో మాటలు. జనవరి, ఫిబ్రవరిలో వారానికొకసారి పురుగుల లెక్క. కోతలప్పుడు అయిదు మీటర్ల చదరం, తూకం, తేమ లెక్క. కోతలయ్యాక, కయ్య ఖాళీగా ఉన్నప్పుడు మట్టి నమూనా. ఎకరానికి ఎనిమిది, పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ పోతే చివరకు అరకిలో మిగలాలి. గెనిమ పక్కన, పేడదిబ్బ పోసిన చోట, చెట్టు నీడన తీయకూడదు.

ముప్పై మంది ఒకేసారి కయ్యలో దిగితే పైరు పాడవుతుంది, పాఠమూ సాగదు. అయిదుగురు చొప్పున జట్లు చేయాలి. ఒక జట్టు పురుగులు చూస్తుంటే ఒక జట్టు కాలువ కొలవాలి, ఒక జట్టు తాత దగ్గర కూర్చోవాలి. రెండు గంటలు చాలు. పొద్దున ఎండెక్కకముందే ముగించాలి.

ముందే మాట్లాడుకోవాల్సినవి

మందు కొట్టిన కయ్యలోకి పిల్లల్ని రానివ్వకండి. ఎప్పుడు, ఏం కొట్టారో అయ్యవారికి దాచకుండా చెప్పండి. మందు డబ్బాలు, పంపులు పిల్లలకు అందేచోట ఉంచొద్దు.

మోటారు స్టార్టరు, తెగిన తీగలు, మూతలేని బావి ఉన్న వైపుకు పోనివ్వొద్దు. కాలువను గట్టు మీద నుంచే కొలవాలి, ఎవరూ నీళ్లలో దిగొద్దు. గెనిమ మీద పెద్దవాళ్లొకరు చేతికర్రతో తట్టుకుంటూ ముందు నడవాలి, పాముల భయం ఉంటుంది.

పిల్లల చేత కలుపు తీయించడం, నారు మోయించడం చేయొద్దు. వాళ్లు కూలీలు కారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల చేత కూలిపని చేయించడం నేరం కూడా. తల్లిదండ్రుల ఒప్పుదల బడివాళ్లు ముందే తీసుకోవాలి. కౌలు కయ్య అయితే భూమి గలాయనకు ఒక మాట చెప్పి ఉంచండి. విత్తనాల కంపెనీ వాళ్లూ, మందుల అంగడి వాళ్లూ బ్యానర్లు పట్టుకుని వస్తామంటే వద్దనండి. పిల్లల పాఠం ప్రచారం కాకూడదు.

మరి మీరు పెట్టాల్సిన షరతు ఒకటుంది. "పాఠం తీసుకెళ్లండి, లెక్క ఇచ్చిపోండి" అని. పిల్లలు కొలిచిన వాన, దోమ సగటు, కయ్య వైశాల్యం, దిగుబడి, తేమ అన్నీ ఒక కాగితం మీద రాసి మీ చేతికివ్వాలి. అది మీ పాసుపుస్తకం పక్కన దాచుకోండి. రెండేళ్ల కాగితాలు, మూడేళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ కయ్య సంగతి మీకే కొత్తగా తెలుస్తుంది. పొలంబడికి వచ్చే వ్యవసాయ సహాయకులకూ, నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలకూ ఆ కాగితం చూపిస్తే వాళ్ల సలహా కూడా గాలిలో మాట కాకుండా మీ కయ్యకు తగినట్టు ఉంటుంది.

ఈ వారం చేయగలిగింది ఒకటి చెప్పి ముగిస్తాం. బడి కమిటీ మీటింగుకు పిలుపొచ్చినప్పుడు మనలో చాలామంది వేలిముద్రో సంతకమో పెట్టి వచ్చేస్తాం. ఈసారి కాస్త కూర్చోండి. "మా కయ్యలో అయిదు సెంట్లు ఈ పంటకాలం పిల్లల లెక్కలకు ఇస్తాం" అని చెప్పండి. ఊళ్లో ముగ్గురు రైతులు ఆ మాటంటే, ఏ హెడ్మాస్టరూ కాదనలేరు. సాయంత్రం ఇంటికొచ్చాక మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, పోయిన పంటకు ఎన్ని పుట్లు పండాయో, ఎంత తేమ కోత పోయిందో చెప్పి, లెక్క కట్టమనండి. బిడ్డకు అది హోంవర్కు. మీకు ఏళ్లుగా బాకీ ఉన్న లెక్క.